ఆహారకర్మశాలలు, క్రైస్తవ చారిత్రక ప్రణయకథలు : మిశ్రవస్తువిచారము

కావ్యవస్తువు ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూఁడు విధములని మన యాలంకారికులు చెప్పిరి. ఇతిహాసాదులయందుఁ బ్రసిద్ధమైనది ప్రఖ్యాతము. కవి కల్పించినది యుత్పాద్యము. రెండును గలసినది మిశ్రము. దశరూపకము మొదటి ప్రకాశమునందలి యీ విభాగము రూపకముల నుద్దేశించినదే యైనను, చారిత్రకనవలను బరీక్షించుట కింతకంటె మేలైన సాధనము నాకుఁ గానరాలేదు. వీరేశలింగముపంతులుగారు తమ రాజశేఖరచరిత్రమును వచనప్రబంధమనిరి; నవల యను పేరు దానిని విమర్శించిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారివలన వ్యాప్తికి వచ్చెను. పేరేదైనను, చారిత్రకనవల మిశ్రవస్తుకమైన వచనప్రబంధమే. అం దుత్పాద్యాంశమునకు హద్దెక్కడ యను ప్రశ్న మనకును గలదు, అన్యదేశీయులకును గలదు. ఈ ప్రశ్నను స్పష్టముగాఁ జూపుటకై, మన పండితలోకమున నంతగాఁ బరిచయములేని యొక యాంగ్లకథాశాఖను దీసికొనుచున్నాను. అది క్రైస్తవ చారిత్రక ప్రణయకథ. అందును, ఆహారపదార్థములను యంత్రశాలలయందు సిద్ధపఱచి విక్రయించు వ్యాపారము క్రొత్తగాఁ బుట్టిన కాలమును రంగముగాఁ గొన్న కథలు ప్రకృతవిషయము.

ఈ శాఖయొక్క లక్షణము దాని పేరులోనే యున్నది. ప్రణయకథ గావున నాయికానాయకుల యనురాగమే దీనికిఁ బ్రధానసూత్రము. వివాహమో వివాహనిశ్చయమో ఫలము. క్రైస్తవకథ గావున ననురాగముతోడనే విశ్వాసముయొక్క కథయు నడచును. నాయికయో నాయకుఁడో మొదట దైవమునెడ సందియమో కోపమో కలిగియుండి, కష్టములఁ బడి, తుదకు మారుమనస్సు నొందుట యిందు నియమమువంటిది. సంభోగవర్ణన మిందు నిషిద్ధము. చారిత్రకము గావున నొక దేశమును నొక కాలమును నిర్దిష్టముగాఁ జెప్పఁబడును. వివాహము, రక్షణ యను రెండు ఫలములును గథాంతమున నొక్కచోటఁ గూడుటయే యీ శాఖ తన చదువరుల కిచ్చు వాగ్దానము.

అనురాగమును విశ్వాసమును ముడివెట్టిన కథలు క్రొత్తవి కావు. అమెరికాదేశీయురాలగు గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ (1865-1947) అట్టి నవలలు నూఱింటికి మించి వ్రాసెను. కాని గతకాలమును రంగముగాఁ గొని యీ శాఖను విశేషముగా వ్యాపింపఁజేసినది కెనడాదేశపు రచయిత్రి జానెట్ ఓక్. ఆమె 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' యను నవలను 1979లో బెథనీ హౌస్ అను సంస్థ ప్రచురించెను. ఆ గ్రంథమునకుఁ గలిగిన యాదరమువలన నిట్టి కథలకుఁ బ్రత్యేకమైన పాఠకలోకమును బ్రచురణవ్యాపారమును నేర్పడెను. క్యాథరీన్ మార్షల్ 1967లోఁ బ్రకటించిన 'క్రిస్టీ' నవలపేర 1999లో నొక బహుమానముకూడ నెలకొల్పఁబడెను.

ఇట్టి కథకు భోజనపదార్థముల కర్మశాల యేల రంగము గావలెను? దీనికి రెండు హేతువులు గలవు. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున అమెరికాలో రైలుదారులు, రేకుడబ్బాలు, మంచుగడ్డలతోఁ జల్లఁబఱచిన బండ్లు వ్యాపించి, అంతవఱ కింటింట జరుగుచున్న పని కర్మశాలకుఁ దరలిపోయెను. ఊరగాయలు, పండ్లపాకములు, రొట్టెలు, మిఠాయిలు చేయుట యెవరి పనియో వారును దానివెంటఁ బోయిరి. పెక్కండ్రు పడుచులు తల్లిదండ్రుల యిల్లు విడిచి, కూలి సంపాదించి, పరపురుషులనడుమఁ బనిచేయుట కిదియొక మార్గ మయ్యెను. పూర్వకథలలో నాయికను వనమునకో తీర్థమునకో పంపవలసిన రచయిత కిక్కడ నట్టి ప్రయాస లేదు. ఇది మొదటి హేతువు.

రెండవ హేతు వింతకంటె గంభీరమైనది. ఆ పరిశ్రమలలోఁ గొన్ని మతవిశ్వాసమునుండియే పుట్టినవి. ప్రభురాత్రిభోజనమున ద్రాక్షారసము వాడుట క్రైస్తవసంఘముల యాచారము. మద్యమును గర్హించిన మెథడిస్టులకు నిది ధర్మసంకట మయ్యెను. పాత్రలోనిది పులిసిన రస మగుచో, మద్యము పాపమని బోధించువాఁడే పవిత్రసమయమున దానిని విశ్వాసుల కందింపవలసివచ్చును. న్యూజెర్సీ రాష్ట్రమునందలి వైన్‌ల్యాండు పురమున థామస్ బ్రామ్‌వెల్ వెల్చి యను దంతవైద్యుఁడు 1869లో నొక యుపాయము పన్నెను. కాంకర్డు ద్రాక్షలను బిడిచి వడియఁగట్టి, రసమును సీసాలలోఁ బోసి, మూతలు బిగించి, మరుగునీట నుంచి కాఁచెను. సూక్ష్మజీవులు రసమునందలి చక్కెరను మద్యముగా మార్చుటయే పులియుట. వేఁడిమిచే నవి నశించి, క్రొత్తవి చొరకుండ మూత బిగిసియున్నయెడల రసము పులియదు. ఫ్రాన్సుదేశమున లూయీ పాశ్చరు కొలఁదియేండ్లకు ముందే యీ మర్మమును వెల్లడించియుండెను. వెల్చి తన రసమును దేవాలయములకు విక్రయింపఁ జూచెను గాని మొదట నాదరణము కలుగలేదు. తరువాత నాతని కుమారుఁడు చార్లెస్ దానిని సర్వజనులకుఁ బానీయముగాఁ జేసి గొప్ప వ్యాపారమును నిర్మించెను.

మిచిగన్ రాష్ట్రమందలి బ్యాటిల్‌క్రీకు పురమున సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘమువారు 1866లో నొక యారోగ్యాలయమును స్థాపించిరి. వారి నియమాహారముకొఱకు జాన్ హార్వీ కెల్లాగు, ఆయన తమ్ముఁడు విల్ కీత్ కెల్లాగు చేసిన ప్రయోగములనుండి 1894లో ధాన్యపు రేకులు పుట్టినవి. 1906లోఁ దమ్ముఁడు మొక్కజొన్నరేకులకై వేఱుగ సంస్థను నెలకొల్పెను; అన్నదమ్ముల వైరము న్యాయస్థానముల కెక్కెను. ఇంగ్లండున బర్మింగుహామునందలి క్యాడ్బరీలు, బ్రిస్టలునందలి ఫ్రైలు, యార్కునందలి రౌన్‌ట్రీలు క్వేకరు మతస్థులు. ఆంగ్లరాజ్యపు మతమునఁ జేరనివారికిఁ బ్రాచీనవిద్యాపీఠముల ద్వారములు చిరకాలము మూయఁబడియుండుటచే, నట్టి కుటుంబములలోని బుద్ధిమంతులు వాణిజ్యమునఁ బ్రవేశించిరి. కోకోపానము మద్యమునకు మాఱుగ నిలుచునని క్వేకరుల నమ్మకము. ఇట్లు ఒకే పదార్థమునందు భక్తియు లాభమును గలసియుండుటచేత, విశ్వాసమును బరీక్షింపఁగోరు కథకునకు నీ కర్మశాలలు సిద్ధముగానున్న రంగస్థలములు.

ఇఁక నీ రంగమును గథకు లెట్లు వాడుకొనిరో చూతము. రైలుప్రయాణికుల భోజనశాలలు మొదటి యుదాహరణము. ఇంగ్లండునుండి వచ్చిన ఫ్రెడ్ హార్వీ 1876లోఁ గాన్సాస్ రాష్ట్రమునందలి టొపీకాపురమున సాంటాఫే రైలుదారిపై నొక భోజనశాలను దెఱచెను. 1883 మొదలు వడ్డన కతఁడు సచ్ఛీలలైన పడుచులను నియమించెను. నల్లనివస్త్రముపైఁ దెల్లని ముందుగుడ్డ వారి వేషము. వా రొక పెద్దముత్తైదువ కనుసన్నలఁ గూడియుండవలెను. రాత్రి నియమితకాలమునకు గదులు సేరవలెను. ఒడంబడిక తీఱులోపల వివాహమాడరాదు. అనురాగకథకు విఘ్నము కావలెను గదా. ఇక్కడ యజమాని నియమములే విఘ్నము. అమెరికా రచయిత్రి ట్రేసీ పీటర్సన్ 1998 మొదలు 2000 వఱకుఁ బ్రకటించిన మూఁడు నవలలకు నీ హార్వీపడుచులే నాయికలు. ఇందుఁ జరిత్రమునకు హానియు లేదు. చరిత్రమునుండి పుట్టిన గట్టి ప్రశ్నయు లేదు. భోజనశాల యిచట రమ్యమైన యావరణము.

రెండవ యుదాహరణ మట్టిది గాదు. కిమ్ వోగెల్ సాయర్ అను రచయిత్రి 2014లో 'ఎకోస్ ఆఫ్ మెర్సీ', అనఁగాఁ గరుణాప్రతిధ్వనులు, అను నవలను వెలువరించెను. ఇరువదవ శతాబ్ది యారంభమునఁ గాన్సాస్ రాష్ట్రమున నున్నట్లు కల్పింపఁబడిన యొక చాకొలెట్టు కర్మాగారము దీనికి రంగము. అందొక ఘోరమరణము సంభవించును. ఆ మరణకారణమును దెలిసికొనుటకును, బాలురచేఁ బనిచేయించుట మాన్పుటకు సాక్ష్యము గూర్చుటకును నాయిక కూలివేషమునఁ బ్రవేశించును. ఆ కర్మాగారమున కుత్తరాధికారియగు యువకుఁడును దన పేరు మఱుఁగుపఱచి యందే పనిచేయుచుండును. తండ్రి యాస్తి తనకు వచ్చినపిమ్మట బాలుర శ్రమ లేకుండ దాని నెట్లు నడపవలెనని యతని చింత. ఒకరినొకరు సందేహించుచు ననురాగమునఁ బడుదురు. ప్రచ్ఛన్నవేషములు మన నాటికలకుఁ గ్రొత్తగావు. కాని యిచ్చటి వేషధారణము వినోదార్థము గాదు. దానివెనుక నొక నిజమైన వ్యథ యున్నది.

ఆ వ్యథ ప్రఖ్యాతాంశము. 1900 సంవత్సరపు జనాభాలెక్కలఁ బట్టి అమెరికాలోఁ బదియేండ్లు మొదలు పదునైదేండ్ల వఱకుఁ గల బాలబాలికలలోఁ బనిచేయువారు దాదాపు 17,50,000 మంది. 1904లో బాలశ్రమ నిషేధమునకై జాతీయసంఘ మేర్పడెను. దాని నెలకొల్పినవారిలో ముఖ్యుఁడగు ఎడ్గార్ గార్డ్‌నర్ మర్ఫీ క్రైస్తవాచార్యుఁడు. 1908 మొదలు లూయీస్ హైన్ అను ఛాయాచిత్రకారుఁ డా సంఘముపక్షమున దేశమంతయుఁ దిరిగెను. 1911లో దక్షిణసముద్రతీరమందలి డబ్బాకర్మశాలలలో నయిదాఱేండ్ల బిడ్డలు ముత్యపుచిప్పల మాంసము నొలుచుటయు, రొయ్యలు వలుచుటయు నతని చిత్రములందుఁ గానవచ్చును. యజమానులు లోనికి రానీయరు గావున నతఁ డొకప్పుడు బైబిలు విక్రయించువాఁడుగను, నొకప్పుడు తనిఖీదారుగను నటించెనని యతని చరిత్రకారులు వ్రాసిరి. కావున నవలానాయిక ప్రచ్ఛన్నవేష మసంభావ్యము గాదు.

ఇచ్చట ముఖ్యమైన చిక్కు వచ్చుచున్నది. ప్రణయకథ కథాంతమున సుఖమును వాగ్దానము చేసినది. చరిత్ర యట్టి వాగ్దానము చేయలేదు. రెండింటిలో దేనిని మన్నింపవలెను?

చరిత్రనే మార్చవచ్చునని మన శాస్త్రమునే ప్రమాణముగాఁ జూపవచ్చును. కేవలవృత్తాంతకథనము కవికిఁ బ్రయోజనము గాదనియు, నది యితిహాసమువలననే సిద్ధించుననియు, రసవిరుద్ధమైన యంశము కథయందున్నచో దానిని విడిచి రసానుగుణముగా వేఱొకటి కల్పింపవలయుననియు ధ్వన్యాలోకమున నానందవర్ధనుఁడు చెప్పెను. కుంతకుఁడు వక్రోక్తిజీవితమున నిట్టి కల్పనమును బ్రకరణవక్రతలోఁ జేర్చి శాకుంతలమునందలి దుర్వాసశ్శాపమును మెచ్చెను. భారతమున దుష్యంతుఁ డెఱిఁగియే శకుంతలను నిరాకరించును. కాళిదాసు శాపమును గల్పించి మఱపును దెచ్చి, నాయకుని దోషమునుండి కాపాడెను. అట్లే నవలారచయిత్రి యేల చేయరాదు?

చేయవచ్చును, కాని భేదమును గమనింపవలెను. శాకుంతలమును జూచు సామాజికునకు భారతకథ విదితమే. అతఁడు శాపము కవికల్పితమని యెఱిఁగియే యానందించును. ప్రఖ్యాతము తెలిసినవానియెదుట నుత్పాద్యము శోభించును. వాని జ్ఞానమే చరిత్రకుఁ గావలి. చారిత్రకనవల చదువువారిలోఁ బెక్కండ్రకా కాలమునుగూర్చి వేఱు జ్ఞానముండదు. వారికి నవలయే యితిహాసము. కావలి లేని యింట నడచువాఁడు తానే జాగరూకుఁడై యుండవలెను గదా. మఱియు దుష్యంతుఁడు మహారాజు. అతనికై పలుక నెందఱో కవులు గలరు. చిప్పలొలిచిన బిడ్డకై పలుకువారు లేరు. ఆ బిడ్డ బ్రదుకును మార్చి వ్రాసినచో దిద్దుట కింకొక గ్రంథము చదువరి చేతికి రాదు.

ఇట్టి కథలయందు దుర్వాసశ్శాపమువంటి యుపాయ మొకటి సులభముగా దొరకును. యజమాని కుమారుఁడు నాయకుఁ డైనప్పు డన్యాయభార మంతయు దుష్టుఁడైన యొక పర్యవేక్షకునిపై మోపుట. వాఁడు శిక్షితుఁ డగును, నాయకుఁడు నిర్మలుఁ డగును, పెండ్లి జరుగును. కాని నిజచరిత్రమున దోషభార మింత సుకరముగా నొకనిపైనుండి యొకనిపైకిఁ బోదు. దీనికి నిదర్శనముగాఁ బైనిఁ జెప్పిన క్యాడ్బరీల వృత్తాంతమునే విన్నవింతును.

వారు 1879లో నగరమును విడిచి బోర్న్‌విల్లున నూతనకర్మాగారమును గట్టి, పనివారికిఁ దోఁటలును, గ్రీడాస్థలములును, మంచియిండ్లును సమకూర్చిన పుణ్యాత్ములని పేరొందిరి. వారు కొను కోకోగింజలలో విశేషభాగము పోర్చుగీసువారి సావ్ టోమే ద్వీపమునుండి వచ్చుచుండెను. ఆ ద్వీపపుఁ దోఁటలలోఁ బనిచేయుటకు అంగోలానుండి తేఁబడినవారు పేరునకు ఒడంబడికకూలీలు; నిజమునకు బానిసలు. 1901లో నొక తోఁట విక్రయపుఁ బట్టికలో మనుష్యులను గూడ నాస్తిగా లెక్కించుట విలియం క్యాడ్బరీ కంటఁబడెను. 1905లో జోసెఫ్ బర్ట్ అను క్వేకరు విచారణకై పంపఁబడెను. 1906లో హెన్రీ నెవిన్సన్ తాను చూచినదానిని గ్రంథముగాఁ బ్రకటించెను. విచారణలు, రాయబారములు సాగుచుండఁగా గింజలు కొనుటయు సాగెను. 1909 మార్చిలోఁ గాని యా ద్వీపపుఁ గోకోను మానలేదు. తమ్ము గపటులుగాఁ జిత్రించిన 'స్టాండర్డు' పత్రికపై వారు వేసిన పరువునష్టపు టభియోగము 1909 డిసెంబరులోఁ దీర్పునకు వచ్చెను. న్యాయనిర్ణేతలు క్యాడ్బరీలదే గెలుపనిరి. నష్టపరిహారముగా నొక ఫార్తింగు, అనఁగాఁ బెన్నీలో నాల్గవపాలు, ఇప్పించిరి. గెలుపు నిచ్చి గౌరవమును దాఁచిన తీర్పది. ఇచ్చట శాపము లేదు, మఱపు లేదు, దుష్టపర్యవేక్షకుఁడు లేఁడు. విశ్వాసము గల సజ్జనులే యెఱిఁగియు నెనిమిదేండ్లు తడసిరి. క్రైస్తవకథకు నింతకంటెఁ దీవ్రమైన విశ్వాసపరీక్ష యేది? మారుమనస్సు పొందవలసినవాఁడు దుర్జనుఁడు మాత్రమే గాదు, ప్రార్థన తప్పని ధర్మాత్ముఁడును నని యా చరిత్ర తానే చెప్పుచున్నది.

అమెరికాలో బాలశ్రమకథయు నిట్లే సుకరముగా ముగియలేదు. 1916లో దేశశాసన మొకటి వచ్చెను. 1918లో నున్నతన్యాయస్థానము దానిని గొట్టివేసెను. నిలిచిన శాసనము 1938లోఁ గాని రాలేదు. 1904లో జాతీయసంఘ మేర్పడినది మొదలు ముప్పదినాలుగేండ్లు గడచెను. ఆనాఁడు పదియేండ్ల ప్రాయమునఁ గర్మశాలలో నున్న బాలుఁడు శాసనము వచ్చునప్పటికి నలువదినాలుగేండ్లవాఁడు. మఱియు బాలుని కూలి మాన్పింపఁగనే యాతని యింటఁ బొయ్యి వెలుఁగుట యెట్లు? తండ్రి లేని సంసారమున నా కూలియే యన్నము. ఈ ప్రశ్నను దాఁటిపోయిన కరుణ కరుణ గాదు.

ఇందుమూలమున నాకుఁ దోఁచిన నిర్ణయ మిది. మిశ్రవస్తువునం దుత్పాద్యము ప్రఖ్యాతముయొక్క మౌనమును బూరింపవచ్చును గాని దాని వాక్యమును గాదనరాదు. ఒక యజమాని తన కర్మశాలనుండి బాలురను దొలఁగించెనని వ్రాయుట చెల్లును. ఏలయన నట్టివాఁ డొక్కఁడును లేఁడని చరిత్ర చెప్పదు. ఆ యొక్కని పుణ్యముచే బాలశ్రమయే తీఱినట్లు చదువరికిఁ దోఁపఁజేయుట చెల్లదు. వివాహము, రక్షణ వ్యక్తుల ఫలములు. వానిని రచయిత్రి యీయవచ్చును. న్యాయము సంఘఫలము, అది వచ్చిన సంవత్సరముననే వచ్చినదని చెప్పవలెను. ఈ దృష్టితోఁ జూచినచో సాయర్ నవల హార్వీపడుచుల కథలకంటె నొక మెట్టు పైదని నాకుఁ దోఁచుచున్నది. అందుఁ గర్మాగారము వర్ణనకై తేఁబడినది గాదు. దానిని దీసివేసినచో నాయికకుఁ బని లేదు, నాయకునకుఁ జింత లేదు, విశ్వాసమునకుఁ బరీక్ష లేదు. రంగమే కార్యహేతు వగుట మిశ్రవస్తువునకు మొదటి గుణము. ఆ హేతువు నాయకునిఁ గూడ విడువక పట్టుట రెండవ గుణము. పెండ్లిబాజాలనడుమఁ బనిబాలుర యడుగులచప్పుడు వినఁబడుచునే యుండుట మూఁడవది.

మన భాషలోను జారిత్రకకథలు పెక్కు వెలసినవి, పాఠశాలలయందుఁ బఠింపఁబడుచున్నవి. రాజుల పేరులను, యుద్ధసంవత్సరములను సరిచూచుటతోఁ జారిత్రకత్వము తీఱినదని తలఁచుట మనలోఁ గలదు. రాజునకు శాసనము సాక్షి. వానికై వండినవారికి, దంచినవారికి, మోసినవారికిఁ గథకుఁడే సాక్షి. ఒక పరదేశపు ప్రణయకథాశాఖ పరిశీలనమువలన నింతమాత్రము తేటపడినచో నీ వ్యాసము సఫలము. హద్దు నేను చెప్పినచోటనే యున్నదో, యింకను ముందున్నదో, విజ్ఞులు విచారింతురుగాక.